చూపు సంగతి కాలేజీలో చెప్పాలా, అమ్మ మాట వినాలా?

ఈసారి ఉత్తరం హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయిది. ఇల్లు ఎల్బీనగర్ అవతల. చాలా పెద్ద ఉత్తరం రాసింది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం చెబుతాను.

ఈ అమ్మాయి చిన్నప్పటి నుంచీ చీకటి పడితే తడుముకునేది. రేచీకటి అనుకుని ఇంట్లో వాళ్ళు క్యారెట్లు, పొన్నగంటి కూర పెట్టారు. పోయిన వేసవిలో మేనమామ ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే, చుట్టూ ఎంతమేర కనిపిస్తుందో చూసే ఫీల్డ్ టెస్ట్ చేశారు. గడ్డం ఆనించి, ఎదురుగా చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. "నాకు కనిపించిన ప్రతి చుక్కకీ నొక్కాను మేడమ్. పక్కనున్నాయన 'ఏంటమ్మా, నొక్కడం లేదు, నిద్ర వస్తోందా?' అన్నారు. అప్పుడు భయమేసింది" అని రాసింది. డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు అన్నారు. కళ్ళజోడు పెట్టుకుంటే ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, చుట్టూ మాత్రం 20 డిగ్రీల మేరకే చూపు మిగిలింది. ఈ విషయం అమ్మకీ మేనమామకీ తప్ప ఎవరికీ తెలియదు. నాన్నకు 'సైటు కొంచెం పెరిగింది' అని చెప్పి ఊరుకున్నారు. అమ్మానాన్నలది మేనరికం. తొమ్మిదో తరగతి చదివే తమ్ముడున్నాడు.

కాలేజీలో ఈ అమ్మాయి ఫోన్ చూడటం అందరికీ కనిపిస్తుంది, కుర్చీలకు తగలడమూ కనిపిస్తుంది. ఒక లెక్చరర్ క్లాసులోనే "ఇన్‌స్టా కనిపిస్తుంది, బోర్డు కనిపించదా?" అన్నారు. మొదటి మిడ్ పరీక్ష వెలుతురు సరిగా లేని సెమినార్ హాల్లో పెట్టారు. తన సీటు వెతుక్కుంటూ ఇన్విజిలేటర్‌కు తగిలింది, ఆయన చేతిలోని ఆన్సర్ షీట్ల కట్ట కింద పడింది, హాలంతా నవ్వింది. ఆ రోజు తెలిసిన ప్రశ్న కూడా టైం చాలక వదిలేసింది. సాయంత్రం కాలేజీ బస్సు దిగాక ఒక స్నేహితురాలు చెయ్యి పట్టుకుని సందు దాకా దింపుతుంది.

"మెరిట్‌లో సీటు తెచ్చుకుని ఇప్పుడు సదరం సర్టిఫికెట్ పట్టుకెళ్ళడం మోసం కాదా? అమ్మేమో 'ఒకసారి కాగితం మీదికి ఎక్కితే సంబంధాలు రావు, ఈ రెండున్నరేళ్ళు ఎలాగో లాగించెయ్' అంటోంది. నాన్న పుట్టినరోజుకి స్కూటీ కొంటానంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

అమ్మాయీ, ముందు స్కూటీ సంగతి తేలుద్దాం. మిగతా విషయాల్లో నీకు రెండు మూడు దారులు చూపిస్తాను గానీ ఇందులో ఒకటే మాట. బండి నడపొద్దు. ఇంటి దగ్గరికే అని, పగలే అని కూడా వద్దు. రెండు కళ్ళూ కలిపి మామూలుగా దాదాపు 180 డిగ్రీల మేర కనిపించే చోట నీకు కనిపించేది 20. పక్క సందులోంచి దూసుకొచ్చే ఆటో నీ ముందుకు వచ్చేదాకా నీ కళ్ళకు లేనట్టే. మన రోడ్ల మీద రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్ళు ఎంతమందో నీకు చెప్పాలా?

బండి వద్దంటే నాన్న ఎందుకని అడుగుతారు. అందుకే నీ చిక్కుముడిలో మొదట విప్పాల్సింది కాలేజీ ముడి కాదు, ఇంట్లో ముడి. అమ్మకు తెలియకుండా వెళ్ళి నాన్నకు చెప్పమనను. అలా చేస్తే గొడవ నీ కళ్ళ మీంచి 'నాకెందుకు దాచావు' అనే దాని మీదికి పోతుంది. అమ్మతో ఒక్క మాట అను: "స్కూటీ ఇంటికి వచ్చేలోపు మనిద్దరం నాన్నకు చెబుదాం." అమ్మ ఒప్పుకోకపోతే మేనమామను కూర్చోబెట్టండి, ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే కాబట్టి. చెప్పేటప్పుడు ఆ ఫీల్డ్ టెస్ట్ ప్రింటవుట్ బల్ల మీద పెట్టు. అందులో నల్లగా ఉన్న భాగమంతా నీకు కనిపించని చోటు. మధ్యలో మిగిలిన ఆ చిన్న తెల్లటి భాగాన్ని చూస్తే చాలు, నాన్నకు నువ్వు ఎక్కువ వివరించాల్సిన పని ఉండదు.

దాచడంలో ఇంకో నష్టం కూడా ఉంది. ఈ జబ్బు చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది. తమ్ముడికీ ఒకసారి కంటి పరీక్ష చేయించాలి. నాన్నకు తెలియకుండా ఎన్ని ఆసుపత్రులు తిరుగుతారు?

ఇక అమ్మ భయం గురించి. ఆమె మీద కోపం తెచ్చుకోకు. మన ఇళ్ళల్లో పిల్లకు ఏదైనా వస్తే మొదటి ప్రశ్న 'ఎవరి వైపు నుంచి వచ్చింది?' అనే. మేనరికం కాబట్టి మీ నాన్నమ్మ అమ్మను అనబోతే తన పుట్టింటినే అనుకోవాలి, అది వేరే విషయం. నిజానికి దగ్గరి సంబంధాల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపించే తీరులో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, లోపమున్న రెండు జన్యువులూ కలిస్తేనే బిడ్డకు వస్తుంది. తల్లిదండ్రులిద్దరికీ చూపు బాగానే ఉంటుంది, తమలో ఆ జన్యువు ఉందని కూడా తెలియదు. మీ ఇంట్లో వచ్చింది సరిగ్గా ఈ రకమేనా అన్నది జన్యు పరీక్ష చేస్తేనే తేలుతుంది. డాక్టర్‌ను జెనెటిక్ కౌన్సెలింగ్ గురించి అడగండి. ఆ మాట అమ్మ నీ నోటి నుంచి కాకుండా డాక్టర్ నోటి నుంచి వింటే ఆమె మనసు కాస్త తేలికపడుతుంది.

సంబంధాల విషయంలో నా అభిప్రాయం దాచను. నీకు పందొమ్మిదేళ్ళు. ఎప్పుడో రాబోయే సంబంధం కోసం ఈ సెమిస్టర్ మార్కులు పోగొట్టుకోవడం నాకు అర్థం కాని లెక్క. పైగా ఈ విషయం దాచి పెళ్ళి చేస్తే అది బయటపడటానికి అత్తారింట్లో ఒక్క సాయంత్రం కరెంటు పోతే చాలు. చెప్పి చేసుకునేవాళ్ళు తక్కువమంది దొరుకుతారేమో, నిజమే, కాదనను. కానీ ఆ తక్కువమందిలోనే నీకు పనికొచ్చే మనిషి ఉంటాడు. ఇంకో సంగతి, అమ్మ మనసులో మేనమామ కొడుకు ఉన్నాడో లేదో నాకు తెలియదు గానీ, జన్యు పరీక్ష చేయించకుండా ఆ మాట ఎత్తనివ్వకు.

పొన్నగంటి కూర తిను, పప్పులో వేస్తే బాగుంటుంది. విటమిన్ ఎ తక్కువై వచ్చే రేచీకటికి ఆకుకూరలు పనిచేస్తాయి. నీది వేరు. రెటీనాలో, అంటే కంటి లోపలి వెనక పొరలో, మసక వెలుతురులో చూడటానికీ పక్కల చూడటానికీ పనికొచ్చే కణాలు ముందుగా దెబ్బతినడం వల్ల వచ్చింది. ఫోన్ వల్ల రాలేదు, చదువు వల్ల రాలేదు. ఎవరో చెప్పారని విటమిన్ ఎ మాత్రలు పెద్ద డోసులో మింగొద్దు, లివర్ దెబ్బతింటుంది. మూడు నెలల్లో నయం చేస్తామని ప్రకటనలిచ్చే వాళ్ళ దగ్గరికీ వెళ్ళొద్దు. ఒక ప్రత్యేకమైన జన్యు లోపం ఉన్నవాళ్ళకు అమెరికాలో 2017లో జన్యు చికిత్సకు అనుమతి వచ్చింది, కానీ అది అందరికీ వర్తించేది కాదు. నీది ఏ రకమో తెలుసుకుని ఉంచుకోవడం ఇందుకు కూడా మంచిది. చెకప్‌లు మాత్రం మానొద్దు. ఈ జబ్బుతో పాటు శుక్లాలు, రెటీనా మధ్యలో వాపు వస్తుంటాయి, వాటికి వైద్యం ఉంది.

ఇప్పుడు కాలేజీ. నీ ఉత్తరమంతా చదివితే 'చెప్పడం' అంటే మైకులో చెప్పినట్టు అందరికీ ఒకేసారి, అంతా చెప్పెయ్యడమే అని నువ్వూ అమ్మా అనుకుంటున్నట్టుంది. అలా ఏమీ లేదు. ఎవరికి ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నీ చేతిలో ఉంది. లెక్చరర్‌కు జబ్బు పేరు అక్కర్లేదు. "సర్, నాకు మధ్యలోదే కనిపిస్తుంది, పక్కలది కనిపించదు, వెలుతురు తక్కువైతే అసలు కనిపించదు" అంటే ఆయనకు చాలు. ఫోన్ ఎందుకు కనిపిస్తుందో కూడా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. నిన్ను నటిస్తున్నావన్న మనిషి పెద్దమనసు చూపించలేదు, అది నిజమే. కానీ సగం కనిపించే చూపు ఒకటి ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. గుడ్డితనం అంటే పూర్తి చీకటి అనే చాలామంది అనుకుంటారు.

నీ ముందున్న దారులు ఇవి. ఎవరికీ చెప్పకుండా ఇప్పటిలాగే నెట్టుకురావడం ఒకటి. అమ్మకు నచ్చేది ఇదే, కొంతకాలం సాగుతుంది కూడా. కానీ ఈ చూపు సాధారణంగా ఏళ్ళు గడిచేకొద్దీ నెమ్మదిగా ఇంకా తగ్గుతుంది, మూడో ఏడాదిలో ల్యాబ్‌లు, ప్రాజెక్టులు పెరుగుతాయి. డిసెంబరులో సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది. నీ స్నేహితురాలు సెలవు పెట్టిన రోజు మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో ఎవరు చెబుతారు? ఒకసారి పోయిన మార్కుల గురించి తర్వాత ఎంత చెప్పుకున్నా ఎవరూ కలపరు.

రెండోది, కాగితాలు లేకుండా నోటితో చెప్పడం. మీ క్లాస్ ఇన్‌ఛార్జ్‌నో మెంటర్‌నో, నీకు కాస్త నమ్మకం ఉన్న ఒక్కరిని ఎంచుకో. ఆసుపత్రి డాక్టర్ లెటర్ చూపించు. ముందు వరుసలో మధ్య సీటు, పీపీటీలు క్లాసుకు ముందే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో, మిడ్ పరీక్షలకు ట్యూబ్‌లైట్లు బాగా ఉన్న గదిలో ప్రతిసారీ ఒకే సీటు, పరీక్షకు పది నిమిషాల ముందే లోపలికి అనుమతి. ఇవన్నీ కాలేజీ తనంతట తాను చేయగలిగినవే, ఖర్చు కూడా లేదు. వచ్చే వారమే అయిపోవచ్చు. దీని బలహీనత ఏమిటంటే అంతా ఆ ఒక్క మనిషి మంచితనం మీద ఆధారపడుతుంది. ఆయన వేరే కాలేజీకి మారితే నీ కథ మళ్ళీ మొదటికి వస్తుంది. యూనివర్సిటీ పెట్టే సెమిస్టర్ పరీక్షల్లో అదనపు సమయం కూడా నోటిమాట మీద రాదు.

మూడోది, వైకల్య సర్టిఫికెట్ తీసుకుని ప్రిన్సిపాల్ ద్వారా దరఖాస్తు చేయడం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో 'లో విజన్', అంటే చూపు బాగా తగ్గిపోవడం, ఒకటి. చూపు పరిధి 40 డిగ్రీల కన్నా తగ్గి 10 డిగ్రీల దాకా ఉంటే ఆ నిర్వచనంలోకి వస్తుంది, కాబట్టి ఎదురుగా బాగా కనిపిస్తోందని నిన్ను పక్కన పెట్టడానికి లేదు. కంప్యూటర్‌లో స్వావలంబన్ పోర్టల్ తెరిచి యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకు, దరఖాస్తు పెట్టాలి. ప్రైవేటు ఆసుపత్రి రిపోర్టులు సర్టిఫికెట్ కావు. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్లు చూసి వైకల్యం ఎంత శాతమో రాసిస్తారు. అయినా ఆ రిపోర్టులన్నీ, ముఖ్యంగా ఫీల్డ్ టెస్ట్ అసలు కాపీ, వెంట తీసుకెళ్ళు. లేకపోతే దూరంగా ఉన్న అక్షరాలు చదివించి 'చూపు బాగానే ఉందే' అని పంపేసే ప్రమాదం ఉంది. ఒక రోజంతా పడుతుందనుకునే వెళ్ళు, అమ్మో నాన్నో తోడు ఉంటే మంచిది.

40 శాతం, ఆపైన వస్తే దారి సులువు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన రాత పరీక్షల మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పరీక్షకు ఇంకో గంట. స్క్రైబ్‌ను, అంటే మనం చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషిని, పెట్టుకోకపోయినా ఇది వర్తిస్తుంది. నీకు స్క్రైబ్ అక్కర్లేదనే నా ఉద్దేశం. నీ ఇబ్బంది రాయడంలో లేదు. ప్రశ్నపత్రం మీంచి ఆన్సర్ షీటుకీ, మళ్ళీ ప్రశ్నకీ చూపు మార్చినప్పుడు చదువుతున్న లైను తప్పిపోతుంది, దాన్ని వెతుక్కోవడంలోనే నీ టైం పోతోంది. శాతం తక్కువ వచ్చినా తలుపు మూసుకుపోదు. సివిల్స్ రాసే వికాశ్ కుమార్ అనే అభ్యర్థికి, రాయబోతే చెయ్యి పట్టేసే సమస్య ఉన్నా, 40 శాతం లేదని స్క్రైబ్‌ను ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. పరీక్షలో సర్దుబాటు అడగడానికి ఆ 40 శాతం గీత అడ్డం కాకూడదన్నది దాని సారం.

ప్రైవేటు కాలేజీకి ఇవేమీ వర్తించవని ఆఫీసులో ఎవరైనా అనొచ్చు. చట్టంలోని 16వ సెక్షన్ ప్రభుత్వం నిధులిచ్చే విద్యాసంస్థలతో పాటు ప్రభుత్వం గుర్తించిన వాటిని కూడా కలిపే చెబుతుంది. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ మాట 17వ సెక్షన్‌లో ఉంది. ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ మాత్రం ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థలకే. నీ సీటు సంగతి అయిపోయింది కాబట్టి దాని గొడవ నీకు లేదు.

ఈ మూడో దారిలో నష్టం కూడా చెబుతాను. ఫైలు క్లర్కు చేతి మీదుగా వెళ్తుంది. ఎగ్జామ్ బ్రాంచ్ చూస్తుంది. పరీక్ష రోజు అందరూ లేచి వెళ్ళిపోయాక నువ్వు కూర్చుని రాస్తుంటే క్లాసులో గుసగుసలు రాకుండా ఉండవు. దరఖాస్తులో 'ఈ వివరాలు అవసరమైన సిబ్బందికి మాత్రమే తెలియాలి' అని ఒక లైను రాయి, అది కొంత ఆపుతుంది, పూర్తిగా ఆపదు. వేరే గదిలో రాస్తానని అడిగే వీలుంది, దానితో కాస్త నయం. సర్టిఫికెట్ తీసుకున్నంత మాత్రాన దాన్ని ప్రతిచోటా చూపించాల్సిన పని లేదన్నది అమ్మకు చెప్పు. తీసుకుని బీరువాలో పెట్టుకున్నా తప్పు లేదు. రేపు ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్తే వికలాంగులకు ఉన్న 4 శాతంలో 1 శాతం అంధులకు, లో విజన్ వాళ్ళకు కేటాయించారు. చేతిలో కాగితం ఉంటే కావాలో వద్దో అప్పుడు తేల్చుకుంటావు.

నేనైతే రెండోదీ మూడోదీ కలిపి నడుపుతాను. ఈ వారం మెంటర్‌తో మాట్లాడటం, సమాంతరంగా యూడీఐడీ దరఖాస్తు. శాతం వచ్చాక సెమిస్టర్ పరీక్షలకు అడగాలా వద్దా అన్నది అప్పటి నీ ధైర్యాన్ని బట్టి నువ్వే చూసుకో. కాకపోతే అడగాలనుకుంటే పరీక్ష ఫీజు నోటిఫికేషన్ రాగానే అడగాలి, హాల్ టికెట్ చేతికొచ్చాక పరుగెత్తితే యూనివర్సిటీ నుంచి అనుమతి రావడం కష్టం.

మోసం అన్నావు. నీకిచ్చే ప్రశ్నపత్రం అదే, దిద్దేవాళ్ళకు నీ పేరు తెలియదు, నీకోసం ఒక్క మార్కు తగ్గించి పాస్ చేయరు. లైను వెతుక్కోవడంలో పోయిన నిమిషాలు తిరిగి ఇస్తారంతే. మెరిట్‌తో వచ్చిన అమ్మాయి ఆ మెరిట్ పేపర్ మీద పెట్టడానికి కావలసినవి అడగడంలో మోసం ఎక్కడుందో నాకు కనిపించలేదు. ఎవరైనా 'నీకేంటి, గంట ఎక్స్‌ట్రా' అంటే నవ్వి ఊరుకో. ప్రతివాడికీ రెటీనా పాఠం చెప్పాల్సిన బాధ్యత నీకు లేదు.

కోర్సు మానేయాలేమో అని కూడా ఒక చోట రాశావు. ఎందుకు? కంప్యూటర్ మీద పని చేసే చదువు నీకు అనుకూలమైనదే. కోడ్ ఎడిటర్‌లో నల్ల బ్యాక్‌గ్రౌండ్, పెద్ద అక్షరాలు, మౌస్ పాయింటర్ పెద్దది చేసుకోవడం ఇవాళే చేయొచ్చు. నీ పరిధి చిన్నది కాబట్టి అక్షరాలు మరీ పెద్దవైతే ఒకేసారి రెండు మాటలే కనిపిస్తాయి, ఏ సైజు కుదురుతుందో నువ్వే చూసుకో. మౌస్‌కు బదులు కీబోర్డ్ షార్ట్‌కట్‌లు అలవాటు చేసుకో, పాయింటర్ కోసం స్క్రీనంతా వెతికే పని తప్పుతుంది. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. ఇప్పుడు అవసరం లేకపోయినా సెలవుల్లో నేర్చుకుని పెట్టుకో, తొందర లేనప్పుడు నేర్చుకున్నది బాగా వస్తుంది. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో విజన్ రిహాబిలిటేషన్ విభాగం ఉంది. మిగిలిన చూపును ఎలా వాడుకోవాలో, చీకట్లో ఎలా నడవాలో అలాంటి చోట నేర్పిస్తారు. మడిచి బ్యాగులో పెట్టుకునే తెల్లకర్ర పేరెత్తితే నీకు కోపం వస్తుందేమో. బస్సు దిగిన చోటు నుంచి ఇంటి సందు దాకా, చీకటి పడ్డాక మాత్రమే, అది చేతిలో ఉంటే ఆటోవాళ్ళు ఆగుతారు. ఆలోచించు, ఇప్పుడే తేల్చక్కర్లేదు.

ప్రిన్సిపాల్‌కు ఇచ్చే దరఖాస్తు ఒక పేజీ దాటనివ్వకు. బాధలు రాయకు, కావలసినవి రాయి. ఏ పరీక్షకు, ఎంత అదనపు సమయం, ఎలాంటి గది, సాయంత్రం ల్యాబ్ బ్యాచ్‌కు బదులు ఉదయం బ్యాచ్, మెట్ల అంచులకు పసుపు రంగు టేప్. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకో. ఇన్వర్డ్ నంబర్ అడుగు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే అదే నంబర్‌తో గుర్తుచేస్తూ మెయిల్ పెట్టు. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసే హక్కు చట్టంలో ఉంది. మెయిల్ చివర ఆ సంగతి మర్యాదగా ప్రస్తావిస్తే చాలాసార్లు అంతదాకా పోవాల్సిన అవసరమే రాదు.

నీ స్నేహితురాలికి ఒక మాట చెప్పు. ఆమె నీ చెయ్యి పట్టుకుని లాగకూడదు. నువ్వే ఆమె మోచేతి పైన పట్టుకుని అర అడుగు వెనక నడవాలి. మెట్టు వచ్చినా గుంత వచ్చినా ఆమె నడకలో తేడా నీ చేతికి ముందే తెలుస్తుంది.